కొత్తదా... కుదురైనదా?

డౌన్‌లోడ్ పేజీ తెరవగానే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి ‘సరికొత్త వెర్షన్’. రెండోది ‘స్టేబుల్ వెర్షన్’. రెండూ ఉచితమే, రెండూ అసలువే. మరి దేన్ని ఎంచుకోవాలి? ఓపెన్‌సోర్స్ వాడేవాళ్లను మూడు దశాబ్దాలుగా వెంటాడుతున్న ప్రశ్న ఇది. జవాబు కోసం వెతికితే ఓ బొమ్మల సినిమా, ఓ అంతరిక్ష కేంద్రం, అర సెకను ఆలస్యంతో బయటపడ్డ పెద్ద కుట్ర... ఇలా బోలెడు కథలు ఎదురవుతాయి.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు. కానీ అన్నం దగ్గరికొచ్చేసరికి ఆ సామెత తిరగబడుతుంది. కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది. పాత బియ్యమైతే మెతుకు మెతుకూ విడివిడిగా ఉంటుంది. అందుకే కొట్లో పాత బియ్యానికి రేటెక్కువ. ఇంట్లో శుభకార్యమంటే కొత్త బియ్యం జోలికి ఎవరూ వెళ్లరు. అలాగని అవే బస్తాలను ఏళ్లతరబడి ఓ మూల వదిలేస్తే? పురుగు పడుతుంది.

సాఫ్ట్‌వేర్ సంగతీ ఇంచుమించు అంతే. మరీ కొత్తదైతే ముద్దవుతుంది. పట్టించుకోకుండా వదిలేసిన పాతదైతే పురుగు పడుతుంది. ఈ రెండింటి మధ్యా ఎక్కడ ఆగాలన్నదే అసలు కిటుకు.

వంటగది తలుపు తీసే ఉంటుంది!

డబ్బులు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్‌తో ఈ తలనొప్పి తక్కువ. కంపెనీ లోపల నెలలతరబడి ఏం జరిగిందో మనకు తెలియదు. తయారైందని వాళ్లు చెప్పిన రోజున మన చేతికొస్తుంది. హోటల్లో కూర్చున్నవాళ్లకు ప్లేటు మాత్రమే కనిపించినట్టు. ఓపెన్‌సోర్స్‌లో అలా కాదు. అక్కడ వంటగది తలుపు తీసే ఉంటుంది. పొయ్యిమీద ఉడుకుతున్నదీ, ఇప్పుడే దించిందీ, చల్లారి వడ్డనకు సిద్ధంగా ఉన్నదీ... అన్నీ కనిపిస్తాయి. ఏది కావాలన్నా తీసుకోవచ్చు, వద్దనేవాళ్లుండరు. నాలుక కాలితే మాత్రం బాధ్యత మనదే!

లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌నే చూడండి. ఒకప్పుడు దాని నంబరు చూసి రకం కనిపెట్టేయొచ్చు. మొదటి చుక్క తర్వాత సరిసంఖ్య ఉంటే అందరూ వాడుకోదగినదని అర్థం. 2.0, 2.2, 2.4 అలాంటివి. బేసి సంఖ్య ఉంటే ప్రయోగాలు జరుగుతున్నదని అర్థం. 2.1, 2.3, 2.5 ఆ కోవలోవి. 2003 డిసెంబరులో 2.6 వచ్చాక ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. ఇప్పుడు తొమ్మిది, పది వారాలకో కొత్త కెర్నెల్ వస్తుంది. వాటిలో కొన్నింటిని ఎంచుకుని ఏళ్లతరబడి మరమ్మతులు చేస్తూ వస్తారు. వాటికి ‘లాంగ్‌టర్మ్’ అని పేరు.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కూడా ఇదే దారిలో నడిచింది. 2011లో అది ఆరు వారాలకో కొత్త వెర్షన్ ఇవ్వడం మొదలుపెట్టింది. మామూలు వాడకందారులకు బాగానే ఉంది కానీ వందల కంప్యూటర్లు చూసుకునే ఆఫీసులూ కాలేజీలూ గగ్గోలు పెట్టాయి. ఒక వెర్షన్‌ను పరీక్షించి అన్ని కంప్యూటర్లలో ఎక్కించేలోపు మరోటి వచ్చేస్తోందన్నది వాళ్ల బాధ. దాంతో 2012లో వాళ్లకోసం ‘ఈఎస్ఆర్’ అని వేరే వరుస మొదలైంది. అందులో భద్రతకు సంబంధించిన సవరణలు ఎప్పటికప్పుడు వస్తాయి. హంగులు మాత్రం దాదాపు ఏడాదికోసారే మారతాయి.

అసలు లేని 1.0

ఈ విషయంలో అందరికంటే ముందు దెబ్బతిన్నదీ, అందరికంటే బాగా పాఠం నేర్చుకున్నదీ డెబియన్. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే అమెరికన్ విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ రకం ఇది. తన స్నేహితురాలు డెబ్రా పేరులో సగం, తన పేరు మొత్తం కలిపి ‘డెబియన్’ అన్నాడు.

డెబియన్ చరిత్ర చదివితే ఓ వింత కనిపిస్తుంది. అందులో 1.0 అనే వెర్షన్ లేదు. 0.93 తర్వాత నేరుగా 1.1 వస్తుంది. ఎందుకలా? ఇంటర్నెట్ అందరికీ అందని ఆ రోజుల్లో లినక్స్‌ను సీడీల్లో అమ్మేవారు. 1995 చివర్లో ఇన్ఫోమేజిక్ అనే సీడీల సంస్థ ఇంకా తయారీలో ఉన్న ఫైళ్లను తీసుకుని, పొరపాటున వాటికి ‘డెబియన్ 1.0’ అని పేరుపెట్టి అమ్మేసింది. అది సరిగ్గా పనిచేసే స్థితిలో లేదు. కొన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఆ ఏడాది డిసెంబరులో సంస్థా డెబియన్ బృందమూ కలిసి ‘అది అసలు వెర్షన్ కాదు’ అని ప్రకటించుకోవలసి వచ్చింది. చెడ్డపేరు మోసిన ఆ నంబరును వదిలేసి 1996 జూన్‌లో 1.1ను విడుదల చేశారు.

మళ్లీ అలాంటిది జరగకూడదు కదా! అందుకే తయారీలో ఉన్న వెర్షన్ల ఫోల్డర్లకు నంబర్లు తీసేసి ముద్దుపేర్లు పెట్టడం మొదలుపెట్టారు. పేరు చూస్తే అది పూర్తయిందో లేదో ఎవరికీ తెలియదు. నంబరు పడిందంటేనే పూర్తయినట్టు. అప్పట్లో డెబియన్‌కు నాయకుడైన బ్రూస్ పెరెన్స్ ఉద్యోగం చేసేది పిక్సార్‌లో. ఆ సంస్థ తీసిన ‘టాయ్ స్టోరీ’ అప్పుడే విడుదలై ఉంది. ఇంకేం, బొమ్మల పేర్లన్నీ వరుసగా డెబియన్‌కు వచ్చేశాయి. 1.1కు బజ్, ఆ తర్వాత రెక్స్, బో, హామ్... 2023లో వచ్చిన 12వ వెర్షన్ బుక్‌వార్మ్, 2025 ఆగస్టు 9న వచ్చిన 13వ వెర్షన్ ట్రిక్సీ. అన్నీ ఆ సినిమాల్లోని పాత్రలే.

బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడు

ఒక్క పేరు మాత్రం మనిషిది. అది సిడ్. సినిమాలో పక్కింటి అల్లరి పిల్లాడు. దొరికిన బొమ్మనల్లా విరగ్గొట్టి, ఒకదాని తల ఇంకోదానికి తగిలించే రకం. డెబియన్‌లో ఎప్పుడూ మార్పులు జరుగుతుండే ‘అన్‌స్టేబుల్’ విభాగానికి శాశ్వతంగా ఆ పేరే పెట్టారు. ఇంతకంటే నిజాయతీగా హెచ్చరించడం కష్టం!

డెబియన్‌ను మూడు గదుల ఇల్లనుకోండి. కొత్త సరుకు ఏదైనా ముందు సిడ్ గదిలోకి వస్తుంది. ప్రపంచమంతా ఉన్న ఔత్సాహికులు దాన్ని వాడి చూస్తారు. రెండు నుంచి పది రోజులపాటు పెద్ద ఫిర్యాదులేవీ రాకపోతే రెండో గదికి వెళుతుంది. అదే ‘టెస్టింగ్’. అక్కడ నెలలతరబడి మిగతా సరుకుతో కలిసి ఉంటుంది. ఇంచుమించు రెండేళ్లకోసారి ఆ గదికి తాళం వేస్తారు. దీన్ని ‘ఫ్రీజ్’ అంటారు. ఇక కొత్తవేవీ రావు. ఉన్నవాటిలో తప్పులు దిద్దడమే పని. ట్రిక్సీకి 2025 మార్చి 15న మొదలైన ఈ కట్టడి విడుదలయ్యేదాకా దాదాపు అయిదు నెలలు సాగింది. పెద్ద తప్పులన్నీ తీరాయనుకున్నాకే మూడో గదిలోకి. అదే ‘స్టేబుల్’. ట్రిక్సీలో అలా గట్టెక్కిన ప్యాకేజీలు దాదాపు 70 వేలు.

డెబియన్ విడుదల ఎప్పుడని అడిగితే ఆ బృందం చెప్పే జవాబు ఒక్కటే... తయారైనప్పుడు!

కుదురంటే ఏమిటి?

స్టేబుల్ అంటే తప్పుల్లేనిదని చాలామంది అనుకుంటారు. అక్కడే పొరపడేది. స్టేబుల్ అంటే ‘మారనిది’. ఇవాళ ఉన్నట్టే రేపూ ఉంటుంది. మెనూలో నిన్న ఎక్కడున్న బొత్తాం ఇవాళా అక్కడే ఉంటుంది. తప్పులున్నా అవి తెలిసిన తప్పులు. వాటిని తప్పించుకునే దారీ తెలిసే ఉంటుంది.

మరి కొత్తగా ఏదైనా భద్రతాలోపం బయటపడితే? దానికో చక్కటి ఉపాయం ఉంది. కొత్త వెర్షన్‌లో ఆ లోపాన్ని సరిచేసిన నాలుగు వాక్యాల కోడ్‌ను మాత్రం తీసుకొచ్చి పాత వెర్షన్‌లో అతికిస్తారు. హంగులు అక్కడే వదిలేస్తారు. దీన్నే ‘బ్యాక్‌పోర్టింగ్’ అంటారు. మంచి గోడను పడగొట్టకుండా చిల్లు పడ్డచోట మాత్రమే సిమెంటు పూసినట్టన్నమాట. అందుకే స్టేబుల్ వాడేవాళ్లు వెర్షన్ నంబరు చూసి కంగారుపడక్కర్లేదు. నంబరు పాతదిలా కనిపించినా లోపల మందు పడే ఉంటుంది.

ఈ గుణాన్నే కోరుకుంది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. అక్కడి వ్యోమగాములు వాడే డజన్లకొద్దీ ల్యాప్‌టాప్‌లను విండోస్ ఎక్స్‌పీ నుంచి లినక్స్‌కు మారుస్తున్నట్టు 2013 మేలో వార్తలొచ్చాయి. వాళ్లు ఎంచుకున్నది డెబియన్ 6. విశేషమేమిటంటే సరిగ్గా ఆ నెల మొదటివారంలోనే డెబియన్ 7 విడుదలైంది. అయినా రెండేళ్లపాటు జనం వాడి, అరిగి, నలిగి, నిలబడ్డ 6నే తీసుకున్నారు. నేలకు 400 కిలోమీటర్ల ఎత్తున కంప్యూటర్ మొరాయిస్తే పక్కవీధి మెకానిక్‌ను పిలవలేరు కదా!

మరీ పాతబడితే...

అంతా బాగుంటే ఇక గొడవేముంది? ఉంది. కుదురు ఎక్కువైతే బద్ధకంలా కనిపిస్తుంది. డెబియన్ 3.0 2002 జులైలో వచ్చింది. తర్వాతి వెర్షన్ 3.1 రావడానికి 2005 జూన్ అయింది. దాదాపు మూడేళ్లు! ఈలోగా కొత్త కంప్యూటర్లు వచ్చాయి, కొత్త ప్రింటర్లు వచ్చాయి. పాత వెర్షన్‌కు వాటి మొహం తెలియదు.

సరిగ్గా ఆ సందులోంచే ఉబుంటు పుట్టుకొచ్చింది. దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ డెబియన్‌నే పునాదిగా తీసుకుని, ఆరునెలలకో వెర్షన్ ఇస్తామంటూ 2004 అక్టోబరులో మొదటిదాన్ని విడుదల చేశారు. ఏడాది, నెల కలిపి దానికి 4.10 అని నంబరు పెట్టారు. జనం ఎగబడ్డారు. కానీ రెండేళ్లు తిరక్కముందే ఉబుంటుకూ అసలు సంగతి తెలిసొచ్చింది. ఆరునెలలకోసారి అంతా మార్చుకోవడం అందరివల్లా కాదు. దాంతో కొన్ని వెర్షన్లకు ఎక్కువకాలం మరమ్మతులు చేస్తామని మాటిచ్చే ‘ఎల్‌టీఎస్’ పద్ధతి తెచ్చారు. అందులో మొదటిది 2006 ఏప్రిల్‌లో రావాలి. ఎక్కువకాలం నిలవాల్సినది కదా అని ఆరువారాలు ఆలస్యంచేసి మరీ జూన్‌లో ఇచ్చారు. అందుకే దాని నంబరు 6.04 బదులు 6.06 అయింది.

ఇప్పటి ఉబుంటు పద్ధతిలో చూసి నేర్చుకోవాల్సిన విషయం ఇంకోటి ఉంది. కొత్త ఎల్‌టీఎస్ వచ్చినరోజే పాత ఎల్‌టీఎస్ వాడేవాళ్లకు ‘మారండి’ అన్న కబురు రాదు. దాదాపు మూడునెలల తర్వాత మొదటి సవరణ వెర్షన్ వచ్చాకే ఆ కబురు పంపిస్తారు. తయారుచేసినవాళ్లే తొందరపడటం లేదంటే మనకెందుకు తొందర?

తొందరపడితే ఏమవుతుందో 2008 జనవరిలో కేడీఈ 4.0 చూపించింది. లినక్స్ తెరను అందంగా చూపించే కేడీఈలో 3.5 వెర్షన్ అప్పటికి బాగా కుదురుకుని ఉంది. 4.0ను మొదటినుంచీ కొత్తగా రాశారు. ఇది ముందుగా రుచి చూసేవాళ్లకోసమని తయారుచేసినవాళ్లు అన్నారు. కానీ నంబరు పక్కన ‘బీటా’ అని లేదు. కొన్ని లినక్స్ రకాలు దాన్నే అందరికీ పంచేశాయి. అలవాటైన సదుపాయాలు చాలా మాయమైపోయాయని వాడకందారులు మొత్తుకున్నారు. లినక్స్‌ను సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివారే విసిగిపోయి గ్నోమ్‌కు మారినట్టు 2009లో చెప్పారు. తర్వాతి వెర్షన్లలో కేడీఈ కోలుకుంది కానీ అందరికీ ఓ గుర్తు మిగిలింది... చివర సున్నా ఉన్న నంబరుతో కాస్త జాగ్రత్త!

ఒకే ఏడాది... రెండు పాఠాలు

పాతది భద్రమా, కొత్తది భద్రమా? 2014 ఏడాది ఒక్కటే ఈ ప్రశ్నకు రెండు విరుద్ధమైన జవాబులిచ్చింది.

ఆ ఏప్రిల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ బయటపడింది. వెబ్‌సైట్లలో మన పాస్‌వర్డ్‌లను కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లోని లోపమది. 2012లో వచ్చిన 1.0.1 వెర్షన్‌తో అది లోపలికొచ్చింది. అంతకు ముందున్న 0.9.8 వాడుతున్నవాళ్లకు ఏమీ కాలేదు. డెబియన్ 7కు మారినవాళ్లు అర్ధరాత్రి లేచి మరమ్మతులు చేసుకుంటే, డెబియన్ 6లోనే ఉన్నవాళ్లు హాయిగా నిద్రపోయారు. చూశారా, పాతదే మేలు!

అదే ఏడాది సెప్టెంబరులో ‘షెల్‌షాక్’ వచ్చింది. ఇది బ్యాష్ అనే ప్రోగ్రాములోని లోపం. 1989 నుంచీ అందులోనే ఉంది. పాతికేళ్లపాటు ఎవరి కంటా పడలేదు. ఎన్ని వెర్షన్లు మారినా, ఎంత నలిగినా అది బయటపడలేదు. పాతదైతే భద్రమన్న నమ్మకం కాస్తా నీరుగారింది.

ఇంకో రకం ప్రమాదానికి ఈక్విఫాక్స్ ఉదాహరణ. అమెరికాలో జనం అప్పుల చరిత్ర లెక్కగట్టే సంస్థ అది. అపాచీ స్ట్రట్స్ అనే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడేది. అందులోని లోపానికి 2017 మార్చిలోనే సవరణ వచ్చింది. సంస్థ దాన్ని వేసుకోలేదు. మే నెలలో దొంగలు లోపలికొచ్చారు. దాదాపు 14.7 కోట్లమంది వివరాలు పోయాయి. అక్కడ తప్పు కొత్త వెర్షన్‌దీ కాదు, పాత వెర్షన్‌దీ కాదు. మందు చేతిలో ఉండీ మింగకపోవడానిది.

ఈ కథలన్నింటి సారం ఒక్కటే. వెర్షన్ వయసు చూడటం వల్ల ఉపయోగం తక్కువ. చూడాల్సింది దానికి వైద్యుడున్నాడా లేడా అని. డెబియన్ స్టేబుల్‌కు మూడేళ్లు పూర్తి మరమ్మతులు, ఆపైన మరో రెండేళ్లు పరిమితంగా... మొత్తం అయిదేళ్లు. ఉబుంటు ఎల్‌టీఎస్‌కు అయిదేళ్లు. మధ్యలో వచ్చే మామూలు ఉబుంటులకు తొమ్మిది నెలలే. ఆ గడువు దాటాక ఎంత కుదురైనదైనా పురుగుపట్టిన బియ్యమే.

ఆ గడువు కూడా రాసిపెట్టిన మాటే, శిలాశాసనం కాదు. సర్వర్లలో ఎంతో పేరున్న సెంటోస్ 8కు 2029 దాకా మరమ్మతులు ఉంటాయన్నారు. అది 2021 డిసెంబరు ఆఖరుతోనే ఆగిపోతుందని 2020 డిసెంబరులో ఉన్నట్టుండి ప్రకటించారు. నమ్ముకున్నవాళ్లంతా లబోదిబోమన్నారు. అయితే కోడ్ అందరిదీ కాబట్టి కొద్ది నెలల్లోనే రాకీ లినక్స్, అల్మాలినక్స్ పుట్టుకొచ్చి ఆ లోటు తీర్చాయి.

వత్తులు కుదరకపోతే?

ఇంగ్లిషులో పనిచేసుకునేవాళ్లకు ‘స్టేబుల్ వాడండి’ అన్న సలహా చాలాసార్లు సరిపోతుంది. తెలుగువాళ్లకు ఒక్కోసారి సరిపోదు. పుస్తకాలూ పత్రికలూ పేజీలు పెట్టే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ కథే అందుకు సాక్ష్యం.

చాలాకాలం దాని స్టేబుల్ వరుస 1.4. అన్నీ బాగానే చేసేది కానీ భారతీయ భాషల లిపులు మాత్రం దానికి కొరుకుడు పడలేదు. యూనికోడ్ తెలుగు పెడితే వత్తులు, గుణింతాలు దేనికవే విడిపోయేవి. 2017లో వచ్చిన 1.5.3లో అక్షరాలు పేర్చే యంత్రాంగాన్ని కొత్తగా రాశారు. తెలుగు, మలయాళం, అరబిక్ వంటివన్నీ కుదురుకున్నాయి. కానీ 1.5 ‘తయారీలో ఉన్న’ వరుస. రోజువారీ పనికి వాడొద్దన్న హెచ్చరిక దానిమీద ఉండేది. స్టేబుల్ 1.6.0 వచ్చేసరికి 2024 జనవరి అయింది. అంటే దాదాపు ఆరేడేళ్లపాటు మన భాషలవాళ్ల ముందున్నది విచిత్రమైన ఎంపిక. ఒకటి కూలిపోదు కానీ తెలుగు రాదు. రెండోది తెలుగు వస్తుంది కానీ ఎప్పుడు ఆగుతుందో తెలియదు!

కేరళలోని ‘జనయుగం’ దినపత్రిక 2019లో ధైర్యం చేసింది. పత్రిక మొత్తాన్నీ ఓపెన్‌సోర్స్‌కు మార్చి, స్క్రైబస్‌లోనే పేజీలు పెట్టింది. రోజూ రాత్రి గడువులోపు పేజీలు ప్రెస్సుకు వెళ్లాల్సిన చోట అది చిన్న సాహసం కాదు. అయితే వాళ్లు కంప్యూటర్‌లోని ప్రతిదాన్నీ సరికొత్తది చేసేసుకోలేదు. పని జరగాలంటే ఏది కొత్తది కావాలో దాన్నే కొత్తది తీసుకున్నారు. తెలివంతా అక్కడే ఉంది.

ఫాంట్లదీ అదే తీరు. పాత పుస్తకాల్లో పొల్లు నకారానికి వాడిన ‘నకార పొల్లు’ గుర్తుకు యూనికోడ్‌లో చోటు దక్కింది 2021లో, 14.0 వెర్షన్‌లో. అంతకుముందు తయారైన ఫాంట్లకు ఆ సంగతి తెలియదు. వాటితో చూస్తే అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా కనిపిస్తుంది. పాత పుస్తకాలను ఉన్నవి ఉన్నట్టు కంప్యూటర్లోకి ఎక్కించాలనుకునేవాళ్లకు కొత్త ఫాంటు తప్పనిసరి. దానికోసం కంప్యూటర్ మొత్తం మార్చక్కర్లేదు, ఒక్క ఫాంటు ఫైలు చాలు.

ఆ అర సెకను!

ఇంతకీ అందరూ స్టేబులే వాడితే పోలేదా? పోదు! ఎందుకో చెప్పే సంఘటన 2024లో జరిగింది.

ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనం దాదాపు అన్ని లినక్స్‌లలోనూ ఉంటుంది. ఏళ్లతరబడి దాన్ని చూసుకున్నది ఒక్కరే, అదీ జీతం లేకుండా. ‘జియా టాన్’ అనే పేరుతో ఓ వ్యక్తి సాయం చేస్తానంటూ వచ్చాడు. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించాడు. ఆపైన 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో గుట్టుగా ఓ దొంగదారి పెట్టాడు. దూరం నుంచి సర్వర్లలోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ మీద అతని గురి. అది స్టేబుల్ వెర్షన్లలోకి చేరి ఉంటే ప్రపంచంలో ఎన్నో సర్వర్ల తాళంచెవులు అతని చేతిలో ఉండేవి.

అప్పటికది డెబియన్ సిడ్‌లోకీ, టెస్టింగ్‌లోకీ చేరింది. సిడ్ వాడుతున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు డేటాబేస్ వేగాన్ని కొలిచే పనిలో ఉన్నారు. లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. ఇంకొకరైతే పోనీలే అనుకునేవారు. ఆయన వదల్లేదు. తీగ లాగితే డొంకంతా కదిలింది. మార్చి 29న విషయం బయటపెట్టారు. అప్పటి డెబియన్ స్టేబుల్‌లో ఉన్నది 5.4.1 కాబట్టి దానికేమీ కాలేదు. మరికొద్ది వారాల్లో రావాల్సిన ఉబుంటు 24.04 తన బీటాను వారం వాయిదావేసి ప్యాకేజీలన్నింటినీ మళ్లీ కొత్తగా తయారుచేసుకుంది.

స్టేబుల్ వాడేవాళ్లు ఆ రోజు బతికిపోయారు. కాపాడింది పాత నంబరు ఒక్కటే కాదు, సిడ్ వాడుతున్న ఓ మనిషి. అందరూ మూడో గదిలోనే కూర్చుంటే మొదటి గదిలోని దొంగను చూసేదెవరు? స్టేబుల్ కుదురుగా ఉందంటే, ముందు గదుల్లో ఎందరో దెబ్బలు తిని, ఫిర్యాదులు రాసి, దిద్ది పంపారనే.

మీకు ఏది మేలు?

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. రేపు పొద్దున మీ కంప్యూటర్ తెరుచుకోకపోతే నష్టం ఎవరికి? మీ ఒక్కరికే, అదీ ఓ ఆదివారం పూట అయితే కొత్తది ప్రయత్నించండి. ఇంకొకరి పని ఆగిపోతుందంటే స్టేబుల్ దాటకండి.

• డీటీపీ సెంటర్, చిన్న ఆఫీసు: పునాది ఎల్‌టీఎస్ గానీ డెబియన్ స్టేబుల్ గానీ ఉండాలి. తెలుగు కోసమో, ప్రింటర్ కోసమో ఒక ప్రోగ్రాము కొత్తది కావాలంటే అదొక్కటే కొత్తది వేసుకోవాలి. పెళ్లిళ్ల సీజన్లో దేన్నీ మార్చొద్దు.

• స్కూలు ల్యాబ్: ఎల్‌టీఎస్సే. మార్పులు వేసవి సెలవుల్లోనే. కేరళ ప్రభుత్వ పాఠశాలల కోసం 2019లో ఇచ్చిన సొంత లినక్స్‌ను ఉబుంటు 18.04 ఎల్‌టీఎస్ మీదే తయారుచేశారు. మన దేశంలో సీడాక్ 2007లో విడుదల చేసిన ‘బాస్’ లినక్స్‌కూ డెబియనే ఆధారం.

• ఇంజినీరింగ్ విద్యార్థి: రోజువారీ చదువుకు స్టేబుల్. దానిలోపలే వర్చువల్ మెషీన్ పెట్టుకుని సిడ్‌తో ఎన్ని బొమ్మలైనా విరగ్గొట్టుకోవచ్చు. దొరికిన తప్పును పద్ధతిగా రాసి పంపిస్తే అదే మొదటి ఓపెన్‌సోర్స్ సేవ.

• సరికొత్త ల్యాప్‌టాప్ కొన్నవారు: వైఫై, టచ్‌ప్యాడ్ పాత కెర్నెల్‌కు తెలియకపోవచ్చు. అలాంటప్పుడు డెబియన్‌లో ‘బ్యాక్‌పోర్ట్స్’ నుంచి, ఉబుంటులో ‘హెచ్‌డబ్ల్యూఈ’ ద్వారా కొత్త కెర్నెల్ ఒక్కటే తెచ్చుకోవచ్చు.

• వెబ్‌సైట్ నడిపేవారు: స్టేబుల్ ఎంచుకోండి, భద్రతా సవరణలు వాటంతటవే పడేలా పెట్టుకోండి. మరమ్మతులు ఆగిపోయే తేదీని క్యాలెండర్లో రాసుకోండి. ఈక్విఫాక్స్‌ను గుర్తుంచుకోండి.

• లిబ్రేఆఫీస్ వాడేవారు: ఆర్నెల్లకో పెద్ద వెర్షన్ వస్తుంది. కొత్త హంగు ఏదీ అవసరం లేకపోతే, కొన్ని సవరణలు పడ్డాకే అందులోకి మారండి. వెర్షన్ చివర అంకె సున్నా దాటి నాలుగైదుకు చేరిందంటే నాలుగైదుసార్లు దిద్దారని అర్థం.

అందరికీ వర్తించే సూత్రం ఇంకోటి ఉంది. ఏ వెర్షన్‌కు మారినా ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి పెట్టుకోవాలి. అది చేసినవాళ్లకు సిడ్ కూడా మంచి పిల్లాడే!

ఆ మాటకు అర్థమేంటి?

ఆల్ఫా: తయారుచేసేవాళ్లు చూసుకోవడానికి. మనకు అనవసరం.

బీటా: హంగులన్నీ వచ్చాయి, తప్పులు వెతకాలి. సరదా ఉన్నవాళ్లు చూడొచ్చు.

ఆర్‌సీ: విడుదలకు ముందు ఆఖరి పరీక్ష. పెద్ద తప్పు దొరక్కపోతే ఇదే అసలు వెర్షన్ అవుతుంది.

స్టేబుల్: మార్పులు ఆగిపోయి, దిద్దుబాట్లు మాత్రమే జరిగేది.

ఎల్‌టీఎస్: ఎక్కువ ఏళ్లపాటు దిద్దుతామని మాటిచ్చినది.

రోలింగ్: వెర్షన్లంటూ లేకుండా రోజూ కొద్దికొద్దిగా మారేది. ఆర్చ్ లినక్స్ ఇలాంటిదే.

ఈఓఎల్: మరమ్మతులు ఆగిపోయాయని అర్థం. ఈ మాట కనిపిస్తే వెంటనే మారిపోవాలి.